యజమాని పేరు

కూల్‌డ్రింకు సీసాలో నీళ్ళు పట్టుకొచ్చింది
నాగిడి పెంటమ్మ.
సీసాకి తడిగుడ్డ చుట్టింది,
జొరమొచ్చిన పిల్లకి నుదుట వేసినట్టు.

ఆకివీడులో మా ల్యాబు రెండు గదులు.
రోజుకి నలభై సీసాలొస్తాయి వనామీ చెరువుల నించి.
ఉప్పెంత, క్షారమెంత, అమ్మోనియా ఎంత,
రొయ్య తేలకముందే చెప్పాలి నేను.

ఫారం తీశాను.
చెరువు ఎన్ని ఎకరాలు?
పిల్ల వదిలి ఎన్ని రోజులు?
కౌంటు?
యజమాని పేరు?
"చెరువు కాదండి, మా చినకోడు.
మా అమ్మ నాడు కోడేనండి,
ఇంజనీర్లొచ్చి కాయితం మీద డ్రైనని రాశారు,
రాశాక డ్రైనే అయిపోయింది.
దానికి ఓనరేటండి, ఆయ్,
అందరూ వదిలేవోళ్ళేగానీ."

ఈ నీళ్ళు అబద్ధం చెబుతాయి, అన్నాను.
బస్సు కుదుపులకి గాలి కలిసిపోయింది.
ప్రాణవాయువు కొలవాలంటే అక్కడే పట్టాలి,
ఒక్క బుడగ లేకుండా బిరడా పెట్టాలి,
అదీ తెల్లారకముందు.
రాత్రంతా నాచు పీల్చుకున్నాక
మిగిలిందెంతో అప్పుడే తెలుస్తుంది.
"చేపలు తేలేదీ ఆ యేళకేనండి," అంది.

నాలుగున్నర.
గట్టుకి అటువైపు ఏరేటర్లు
చిలికి చిలికి చెరువులకి ఊపిరి పోస్తున్నాయి.
ఇటువైపు చినకోడు చప్పుడు లేకుండా పడుంది.
గుర్రపుడెక్క తోసుకుంటూ
పెంటమ్మ మోకాలిలోతు దిగింది.
నాకు రబ్బరు తొడుగులున్నాయి.
"కాలు పెడితే తెలిసిపోద్దండి.
మంచినీళ్ళయితే పరిగెపిల్లలు మడమలు కొరుకుతాయి.
నన్ను కొరికి మూడేళ్ళయింది."

నత్తలు తూటికాడలెక్కి కూచున్నాయి,
వరద రాకుండానే వరదొచ్చినట్టు.
మిగిలిన నాలుగు పరిగెలూ
నీటిపొరకి మూతులానించి
ఆడిస్తున్నాయి, ఆడిస్తున్నాయి.
కొర్రమీనొకటి పైకొచ్చి
ఓ గుక్క గాలి మింగి కిందికి పోయింది.
దానికి నా లెక్కతో పనిలేదు.
"ఇప్పుడు మావులో అదొక్కటే పడతాదండి," అంది పెంటమ్మ,
"అదీ, ఎర్రపురుగులూ."

సీసా ముంచి, నీళ్ళలోనే మూసి,
రెండు మందులూ అడుక్కి దించి,
తిరగేసి మరగేసి గట్టు మీద నిలబెట్టాను.
ప్రాణవాయువుంటే అడుగున బెల్లంరంగు పేరుతుంది.
ఎంత ఉంటే అంత ముదురు బెల్లం.
ఫోను వెలుగులో ఇద్దరం వంగి చూశాం.

తెలుపు.
చల్లారిన గంజిలాంటి తెలుపు.
నా చెయ్యి తప్పేమోనని ఇంకో సీసా పట్టాను.
తెలుపు.

పెంటమ్మ మొహం విప్పారింది.
"పాలలా ఉందండీ, మంచిదేనా?"

ఎన్ని పరీక్షలు రాశానో,
ఏ పేపర్లోనూ ఈ ప్రశ్న రాలేదు.
మందుపెట్టె సర్దుతూ
సర్దిందే మళ్ళీ సర్దుతూ
చెప్పాను.
ఆవిడ ఏమీ అనలేదు.
గట్టెక్కి, కాళ్ళు తుడుచుకోబోయి,
ఎందుకో మానేసింది.

కొంగుముడి విప్పి నూటయాభై ఇచ్చింది.
వద్దంటే ఒప్పుకోలేదు.
"రసీదుంటేనే నమ్ముతారండి పంచాయితీలో."

ఆ సాయంత్రం సింకులో ఫ్లాస్కులు కడిగాను.
ఆమ్లం, మాంగనీసు, నలభై చెరువుల మిగులు
సుడి తిరిగి గొట్టంలోకి జారాయి.
ఏడేళ్ళుగా జారుతున్నాయి.
గోడ వెనక్కి వెళ్ళి మొదటిసారి చూశాను.
గొట్టం బోదెలో పడుతోంది.
బోదె వెంట నడిచాను,
కోడిగుడ్ల గోడౌను దాటి, రైలుగేటు దాటి,
చెప్పుల్లోకి బురద వచ్చేదాకా.
బోదె చివర గుర్రపుడెక్క. కాడల మీద నత్తలు.

తిరిగొచ్చి ఫారం తీశాను.
అన్ని గడులూ నిండాయి, ఒకటి తప్ప.

మర్నాడు రిపోర్టు కోసం వచ్చి
కాయితం అటూ ఇటూ తిప్పి అడిగింది పెంటమ్మ,
"ఓనరు దొరికాడాండి?"
ఒకరు దొరికారు, అన్నాను.